ప్రభుత్వం, పెట్టుబడి, పౌర సమాజం: మూడింటినీ ఒకే వేదికపై కూర్చోబెట్టిన పాలనాదక్షుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(సెప్టెంబర్ 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబర్ 15వ తేదీని 1968 నుంచి దేశవ్యాప్తంగా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆనకట్టల నిర్మాతగా, జలాశయాల రూపశిల్పిగా ఆయన కీర్తి సుప్రసిద్ధం. అయితే పరిపాలనా రంగంలో ఉన్నవారికి అంతకంటే ఎక్కువగా ఉపకరించే అధ్యాయం ఆయన జీవితంలో మరొకటి ఉంది. ఒక ప్రాంతం అభివృద్ధి చెందాలంటే ప్రభుత్వ శాఖలు మాత్రమే పనిచేస్తే చాలదని, వర్తకులు, పారిశ్రామికులు, రైతులు, విద్యావంతులు, స్థానిక సంస్థల ప్రతినిధులు అధికారులతో కలిసి కూర్చుని ప్రణాళిక రచించాలని, రచించిన దానికి బాధ్యత వహించాలని ఆయన విశ్వసించారు. 1911లో మైసూరు సంస్థానంలో రూపుదిద్దుకొన్న ఆర్థిక సదస్సు ఆ విశ్వాసానికి ఆచరణరూపం. ఆ ప్రయోగం సాధించిన ఫలితాలు, దానికి ఎదురైన పరిమితులు రెండూ నేటికీ అధ్యయనం చేయదగినవి.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య నేటి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం సమీపాన ఉన్న ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. ఆయన జన్మ సంవత్సరాన్ని కొందరు 1860గా, మరికొందరు 1861గా పేర్కొంటున్నారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులది ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం. తరతరాల కిందటే ఆ కుటుంబం మైసూరు సీమకు తరలివెళ్ళినా ఊరిపేరు మాత్రం ఇంటిపేరుగా నిలిచిపోయింది.

చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి, వచ్చిన ఆదాయంతో సెంట్రల్ కళాశాలలో చదువు సాగించి పట్టభద్రులయ్యారు. అనంతరం మైసూరు ప్రభుత్వం మంజూరు చేసిన ఉపకార వేతనంతో పూనా సైన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ అభ్యసించి, 1883లో ప్రథమ శ్రేణిలో ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు. ప్రజాధనంతో లభించిన విద్యకు ప్రతిఫలంగా ప్రజలకు సేవ చేయాలన్న భావన ఆయనలో చివరి వరకు చెక్కుచెదరలేదు.

బొంబాయి ప్రెసిడెన్సీలో అనుభవం

1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజా పనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిన విశ్వేశ్వరయ్య నాసిక్, ధూలియా, సక్కర్, సూరత్, పూనా తదితర ప్రాంతాలలో పనిచేశారు. సింధు నది ఒడ్డున ఉన్న సక్కర్ పట్టణానికి మంచినీటి పథకాన్ని పూర్తిచేశారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులను 1903లో అమర్చారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అదనపు నీటిని నిల్వ చేయడానికి, వరద పెరిగినప్పుడు తలుపులు వాటంతట అవే తెరుచుకోవడానికి ఆ ఏర్పాటు దోహదపడింది.

నీటి పంపిణీలో ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు విధానం పరిపాలకుల దృష్టితో చూసినప్పుడు మరింత ప్రాధాన్యం గలది. దక్కన్ కాలువల కింద ఎగువ రైతులు చెరకుకు విచ్చలవిడిగా నీరు వాడుకోవడం, దిగువ భూములు ఎండిపోవడం, నీరు నిలిచి కొన్ని పొలాలు చౌడుబారడం ఆనాటి సమస్యలు. భూమిని బ్లాకులుగా విభజించి, పంటల మార్పిడి పాటిస్తూ, నిర్ణీత కాలానికి నిర్ణీత పరిమాణంలో నీరివ్వడం ఈ విధానంలోని సారాంశం. తమకు నష్టం జరుగుతుందని రైతులు తొలుత వ్యతిరేకించారు. ఆయన వారితో సమావేశమై, సందేహాలు తీర్చి, పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. సాంకేతికంగా సరైన పథకమైనా లబ్ధిదారుల సమ్మతి లేనిదే నిలబడదన్న పాఠం ఆయనకు ఇక్కడే బోధపడింది.

పూనాలో మహదేవ గోవింద రానడే, గోపాలకృష్ణ గోఖలే వంటి ప్రముఖులతో ఏర్పడిన పరిచయం ఆయన ఆలోచనలను విస్తృతపరిచింది. 1898లో జపాన్‌లో జరిపిన పర్యటన వాటికి ఒక దిశను కల్పించింది. విద్యావ్యాప్తిని, పరిశ్రమల స్థాపనను ప్రభుత్వమే ముందుండి నడిపించి, పౌరులను భాగస్వాములను చేసుకొన్న దేశం స్వల్పకాలంలో ఎంత ముందుకు సాగగలదో ఆయన ప్రత్యక్షంగా గమనించారు. 1908లో బొంబాయి సర్వీసు నుంచి స్వచ్ఛందంగా వైదొలగి విదేశీ పర్యటనకు వెళ్ళారు. ఆ పర్యటనలో ఉండగానే హైదరాబాద్ నుంచి ఆహ్వానం అందింది.

మూసీ వరదలు, హైదరాబాద్ పునర్నిర్మాణం

1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వచ్చిన ప్రళయసమానమైన వరద హైదరాబాద్ నగరాన్ని అతలాకుతలం చేసింది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. నదికి ఇరువైపులా ఉన్న బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం నగర పునర్నిర్మాణానికి, భవిష్యత్ వరదల నుంచి రక్షణకు, మురుగునీటి పారుదలకు పథకాలు రూపొందించే బాధ్యతను విశ్వేశ్వరయ్యకు అప్పగించింది. 1909లో ఆయన నగరానికి వచ్చి పనులు ప్రారంభించారు.

వరదకు కారణాన్ని నగరంలో కాకుండా నగరానికి ఎగువన వెదకడం ఆయన ప్రత్యేకత. మూసీ పరీవాహక ప్రాంతమంతటా వర్షపాత వివరాలు సేకరించారు. ఎగువన ఉన్న వందలాది చెరువులలో అనేకం ఒకదాని తర్వాత ఒకటి తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నదిలో చేరడం వల్ల ఉపద్రవం తీవ్రమైందని నిర్ధారించారు. నగరం, గ్రామాలు, చెరువులు, నది వేర్వేరు విషయాలు కావని, ఒకే వ్యవస్థలోని భాగాలని ఆ అధ్యయనం తేటతెల్లం చేసింది.

నగరానికి ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై మరొకటి జలాశయాలు నిర్మించి వరద నీటిని నిలువరించాలని 1909 అక్టోబర్‌లో ఆయన సమర్పించిన నివేదిక సిఫారసు చేసింది. నది గట్లను పటిష్ఠపరచి, తీరం వెంబడి రహదారులు, ఉద్యానవనాలు ఏర్పాటు చేయాలని సూచించింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ సిఫారసులు కార్యరూపం దాల్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటయింది. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నివారణకు తలపెట్టిన ఈ జంట జలాశయాలే దశాబ్దాలపాటు నగరానికి ప్రధాన మంచినీటి వనరులుగా ఉపకరించాయి.

జలాశయాలు కట్టిన తర్వాత వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటం ఇంజనీరు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996లో జీ.ఓ. 111 ద్వారా ఈ జలాశయాల చుట్టూ నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను సవరించింది. పట్టణాభివృద్ధి, రెవెన్యూ, నీటిపారుదల శాఖలు, గ్రామ పంచాయతీలు, భూ యజమానులు, నగరవాసులు అందరికీ సంబంధించిన ఈ అంశం విశ్వేశ్వరయ్య నివేదిక వెలువడిన శతాబ్దం తర్వాత కూడా సమన్వయానికి పరీక్షగానే నిలిచింది.

మైసూరు ఆహ్వానం, ఆర్థిక సదస్సు ఆవిర్భావం

హైదరాబాద్‌లో పనులు సాగుతుండగానే మైసూరు మహారాజా నాల్గవ కృష్ణరాజ ఒడయార్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను చీఫ్ ఇంజనీరు పదవికి ఆహ్వానించింది. పరిశ్రమల అభివృద్ధికి, సాంకేతిక విద్యకు కూడా కృషి చేసే అవకాశం ఉంటుందన్న హామీ పొందిన తర్వాతనే ఆయన 1909 నవంబర్‌లో ఆ బాధ్యత స్వీకరించారు.

సంస్థానంలో రెవెన్యూ వసూళ్ళు, శాంతిభద్రతలు సక్రమంగానే ఉన్నా ప్రజల ఆదాయం, అక్షరాస్యత తక్కువగా ఉండటం, వ్యవసాయం వర్షాలపై ఆధారపడటం ఆయన దృష్టికి వచ్చాయి. 1881 నుంచి మైసూరులో ప్రజా ప్రతినిధి సభ ఉన్నప్పటికీ, అందులో ప్రతినిధులు విన్నపాలు సమర్పించడం, ప్రభుత్వం సమాధానమివ్వడం పరిపాటి. కోరేవారు ఒకవైపు, ఇచ్చేవారు మరొకవైపు ఉండే ఆ ఏర్పాటుకు భిన్నంగా, ఇరుపక్షాలు కలిసి పనిచేసే వేదిక కావాలని ఆయన ప్రతిపాదించారు. మహారాజా ఆమోదంతో 1911 జూన్‌లో మైసూరు ఆర్థిక సదస్సు ప్రారంభమైంది.

ప్రభుత్వ అధికారులతోపాటు వర్తకులు, రైతులు, విద్యావేత్తలు, ప్రజా ప్రతినిధులు ఈ సదస్సులో సభ్యులు. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వాణిజ్యం అన్న మూడు రంగాలకు మూడు స్థాయీ సంఘాలను నియమించారు. ఏడాదికోసారి సదస్సు సమావేశమై తీర్మానాలు చేయడంతో పని ముగిసేది కాదు. స్థాయీ సంఘాలు ఏడాది పొడవునా సమావేశమై, ఎంచుకొన్న అంశాలపై సమాచారం సేకరించి, పథకాలు రూపొందించి, వాటి అమలును పరిశీలించేవి.

1912 నవంబర్‌లో విశ్వేశ్వరయ్య మైసూరు దివాన్‌గా నియమితులయ్యారు. ఒక ఇంజనీరు సంస్థానంలో అత్యున్నత పరిపాలనా పదవిని అధిష్ఠించడం ఆనాడు అసాధారణం. ఆ మరుసటి ఏడాది సదస్సును శాశ్వత సంస్థగా తీర్చిదిద్ది, దివానే దానికి అధ్యక్షుడిగా వ్యవహరించే ఏర్పాటు చేశారు. దీనితో సదస్సులో చర్చించిన అంశం ప్రభుత్వ ఉత్తర్వుగా మారడానికి మధ్య ఉన్న దూరం తగ్గింది.

జిల్లా నుంచి తాలూకాకు, తాలూకా నుంచి గ్రామానికి

రాజధానిలో జరిగే చర్చ గ్రామానికి చేరకపోతే నిష్ఫలమని గుర్తించిన దివాన్, జిల్లా స్థాయిలో డిప్యూటీ కమిషనర్ల ఆధ్వర్యంలో జిల్లా కమిటీలను, తాలూకా స్థాయిలో ప్రగతి కమిటీలను ఏర్పాటు చేశారు. అధికారులు, స్థానిక ప్రముఖులు వీటిలో సభ్యులు. బావుల తవ్వకం, కొత్త విత్తనాలు, పట్టు పరిశ్రమ, కుటీర పరిశ్రమలు, సహకార సంఘాలు, పాఠశాలల స్థాపన వంటి అంశాలు వీటి పరిధిలోకి వచ్చేవి.

గ్రామాభివృద్ధి పథకం కింద గ్రామస్థులు తమ కమిటీని తామే ఏర్పాటు చేసుకొని, వారంలో కొంత సమయాన్ని ఉమ్మడి పనులకు కేటాయించేలా ప్రోత్సహించారు. గ్రామస్థుల శ్రమకు, విరాళాలకు ప్రభుత్వ సహాయం తోడయ్యేది. చెరువుల మరమ్మతులలోనూ ఆయకట్టు రైతుల బాధ్యతకు ప్రాధాన్యమిచ్చారు. ప్రభుత్వమే అన్నీ చేసిపెట్టాలన్న ధోరణిని గాని, ప్రజలే చూసుకోవాలన్న ఉదాసీనతను గాని ఆయన అంగీకరించలేదు. ఎవరి వంతు ఎంత అన్నది ముందుగా తేల్చుకోవడం ఆయన పద్ధతి.

స్థానిక సంస్థలలో ఎన్నికైన సభ్యుల సంఖ్యను పెంచడం, ప్రజా ప్రతినిధి సభకు 1917 నుంచి ఏడాదిలో రెండవసారి కూడా సమావేశమై బడ్జెట్‌పై అభిప్రాయాలు తెలిపే వీలు కల్పించడం, శాసన మండలి విస్తరణ ఈ కాలంలోనే జరిగాయి. కార్యాలయాలలో జాప్యాన్ని, వృథా వ్యయాన్ని గుర్తించేందుకు సామర్థ్య తనిఖీ విధానాన్ని ప్రవేశపెట్టారు. ప్రజలను భాగస్వాములు కమ్మని కోరే ప్రభుత్వం ముందుగా తన కార్యాలయాలను చక్కదిద్దుకోవాలన్నది దీని వెనుక ఉన్న ఉద్దేశం.

బ్యాంకు, వాణిజ్య మండలి, పరిశ్రమలు

పరిశ్రమలు-వాణిజ్య సంఘం ఎదుర్కొన్న మొదటి సమస్య మూలధనం. సంస్థానంలో వర్తకులకు, చిన్న పారిశ్రామికులకు అప్పు పుట్టడం కష్టంగా ఉండేది. సదస్సులో జరిగిన పరిశీలన ఫలితంగా 1913లో మైసూరు బ్యాంకు ఆవిర్భవించింది. వాటాల రూపంలో సేకరించిన మూలధనానికి ప్రభుత్వ ప్రోత్సాహం తోడై ఆ బ్యాంకు నిలదొక్కుకొంది. 1960లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ సంస్థగా మారి, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ పేరిట కొనసాగి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

వర్తక వర్గానికి తనదైన స్వరం ఉండాలన్న ఉద్దేశంతో 1916లో మైసూరు వాణిజ్య మండలి స్థాపనకు ప్రోత్సాహమిచ్చారు. ప్రభుత్వం తాను చేసే పనిపై అభిప్రాయం చెప్పగల సంస్థను తానే ప్రోత్సహించడం ఇందులోని విశేషం. పరిశ్రమల శాఖకు మద్రాసులో అనుభవం గడించిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ సేవలు లభించాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన చిక్కు ఒక పరిశ్రమకు అంకురార్పణ చేసింది. మైసూరు అడవులలో లభించే గంధపు చెక్క అంతవరకు ఎక్కువగా జర్మనీకి ఎగుమతి అయ్యేది. 1914లో యుద్ధంతో ఆ విపణి మూతపడి సంస్థానం ఆదాయానికి గండి పడింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్‌ల పరిశోధనల తోడ్పాటుతో గంధపు నూనె తీసే కర్మాగారాన్ని 1916లో నెలకొల్పారు. ముడిసరుకు అటవీ శాఖది, పరిజ్ఞానం పరిశోధనా సంస్థది, నిర్వహణ పరిశ్రమల శాఖది. ఆ నూనె ఆధారంగానే మైసూరు శాండల్ సబ్బు రూపుదిద్దుకొంది. ప్రైవేటు పెట్టుబడి సాహసించని రంగంలో ప్రభుత్వం ముందుగా అడుగువేసి, దారి చూపాలన్న ఆయన విధానానికి ఇది నిదర్శనం.

విద్య, భాష, పౌర సంస్థలు

విద్య లేని భాగస్వామ్యం పేరుకు మాత్రమేనన్నది విశ్వేశ్వరయ్య అభిప్రాయం. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం చేశారు. ఆయన దివాన్‌గా ఉన్న ఆరేళ్ళలో పాఠశాలల సంఖ్య సుమారు 4,500 నుంచి 10,500కు, విద్యార్థుల సంఖ్య సుమారు 1,40,000 నుంచి 3,66,000కు పెరిగింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం స్థాపితమైంది. స్వదేశీ సంస్థానాలలో ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయమిది. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. బెంగుళూరు, మైసూరు నగరాలలో ప్రజా గ్రంథాలయాలు ప్రారంభమయ్యాయి.

ఆర్థిక సదస్సు చర్చల నుంచి వెలువడిన మరొక సంస్థ 1915లో ఏర్పడిన కన్నడ సాహిత్య పరిషత్తు. ఆర్థికాభివృద్ధి కోసం కూర్చున్నవారు భాష గురించి ఆలోచించడం తొలిచూపులో వింతగా తోచవచ్చు. అయితే వ్యవసాయం, ఆరోగ్యం, వాణిజ్యం గురించిన కొత్త పరిజ్ఞానం సామాన్యుడికి చేరాలంటే అతని భాషలో పుస్తకాలు, పదజాలం ఉండాలి. ఆ అవసరమే పరిషత్తు పుట్టుకకు దారితీసిన కారణాలలో ఒకటి. ప్రభుత్వ సహకారం పొందుతూనే పౌర సంస్థగా ఎదిగిన ఈ పరిషత్తు శతాబ్ది ఉత్సవాలు జరుపుకొని నేటికీ కొనసాగుతోంది.

కృష్ణరాజసాగర్: పొరుగు రాజ్యంతో సమన్వయం

విశ్వేశ్వరయ్య పేరు చెప్పగానే స్ఫురించే కృష్ణరాజసాగర్ నిర్మాణం 1911లో మొదలైంది. ఆ పథకానికి ఆమోదం లభించడం వెనుక ప్రైవేటు రంగపు అవసరం ఒకటి బలంగా పనిచేసింది. 1902 నుంచి శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం కోలారు బంగారు గనులకు విద్యుత్తు సరఫరా చేస్తుండేది. వేసవిలో కావేరి ప్రవాహం తగ్గినప్పుడు సరఫరాకు ఆటంకం ఏర్పడేది. జలాశయం నిర్మిస్తే గనుల కంపెనీలకు నిరంతరాయంగా విద్యుత్తు, ప్రభుత్వానికి స్థిరమైన రాబడి, రైతుకు సాగునీరు సమకూరుతాయని ఆయన లెక్కలతో నిరూపించారు. ఆర్థిక భారానికి సంకోచించిన ప్రభుత్వం దీనితో అంగీకరించింది. సిమెంటుకు బదులు స్థానికంగా లభించే సున్నం, ఇటుక పొడి మిశ్రమమైన సుర్కీతో ఆనకట్టను నిర్మించారు.

సంస్థానంలో అందరినీ ఒప్పించగలిగినా దిగువనున్న మద్రాసు ప్రెసిడెన్సీతో ఒప్పందం అంత సులభం కాలేదు. కావేరి డెల్టాకు నీరు తగ్గుతుందని మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. తొలి దశకు తక్కువ ఎత్తుకే అనుమతి లభించింది. 1914లో వెలువడిన మధ్యవర్తి తీర్పును మద్రాసు సవాలు చేసింది. చివరకు 1924లో ఇరు ప్రభుత్వాలు ఒప్పందానికి వచ్చాయి. 1930వ దశకం ఆరంభంలో జలాశయం పూర్తి ప్రయోజనంలోకి వచ్చింది. కాలువల కింద మండ్య ప్రాంతం సస్యశ్యామలమైంది. 1933లో అక్కడ ప్రభుత్వంతోపాటు రైతులు కూడా వాటాదారులుగా చక్కెర కంపెనీ ఏర్పడింది.

ఈ నిర్మాణానికి మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. జలాశయంలో పలు గ్రామాలు మునిగి, అనేక కుటుంబాలు సొంత ఊళ్ళను వదిలివెళ్ళాయి. నదీ జలాలపై ఇరు ప్రాంతాల వివాదం 1924 ఒప్పందంతో సమసిపోలేదు. 1990లో ట్రిబ్యునల్ ఏర్పాటు, 2007లో దాని తుది తీర్పు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు వరకు అది సాగింది. ఒక ప్రాంతంలో కుదిరిన సమన్వయం పొరుగు ప్రాంతాన్ని కలుపుకోనిదే సంపూర్ణం కాదని కావేరి చరిత్ర తెలియజేస్తోంది.

ప్రాతినిధ్యం ప్రశ్న, పదవీ విరమణ

విశ్వేశ్వరయ్య దివాన్ పదవి నుంచి వైదొలగడానికి దారితీసిన పరిణామం ఆయన జీవిత చరిత్రలో దాటవేయరానిది. మైసూరు ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణుల సంఖ్య జనాభాలో వారి నిష్పత్తికి మించి ఉండేది. ఇతర వర్గాలకు తగిన అవకాశాలు కల్పించాలని 1917లో ఏర్పడిన ప్రజామిత్ర మండలి కోరింది. పొరుగున ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ రాజా తదితరుల నాయకత్వంలో జస్టిస్ పార్టీ ఇదే అంశాన్ని లేవనెత్తిన కాలమది.

ఈ విన్నపాన్ని సానుభూతితో స్వీకరించిన మహారాజా 1918లో చీఫ్ జడ్జి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. విద్యను అందరికీ విస్తరింపజేయడమే పరిష్కారమని, ఉద్యోగ నియామకాలలో సామర్థ్యం తప్ప మరొక ప్రాతిపదిక పరిపాలనను బలహీనపరుస్తుందని విశ్వేశ్వరయ్య భావించారు. ఈ విషయంలో మహారాజాతో ఏకీభావం కుదరక 1918 చివరలో ఆయన పదవి నుంచి తప్పుకొన్నారు. మిల్లర్ సంఘం 1919లో నివేదిక సమర్పించగా, 1921లో ప్రభుత్వం దాని ఆధారంగా ఉత్తర్వులు జారీచేసింది. దేశంలో వెనుకబడిన వర్గాల రిజర్వేషన్ల చరిత్రలో అది ఒక మైలురాయి.

ఆర్థిక సదస్సు అధికారిని, వర్తకుని, విద్యావంతుని ఒకచోట చేర్చింది. కాని ఆ వేదికపై కూర్చోవడానికి కావలసిన చదువు, పలుకుబడి అప్పటికి అధిక సంఖ్యాక వర్గాలకు అందుబాటులో లేవు. విద్యావ్యాప్తితో ఆ లోటు కాలక్రమంలో తీరుతుందని విశ్వేశ్వరయ్య నమ్మారు. అంతకాలం వేచి ఉండనవసరం లేదని, ప్రాతినిధ్యం వెంటనే కల్పించాలని మహారాజా నిర్ణయించారు. చరిత్ర మహారాజా నిర్ణయాన్నే బలపరిచింది. అదే సమయంలో, ఆ ఆరేళ్ళలో రెట్టింపునకు మించిన పాఠశాలలు లేకుంటే ఆ తర్వాత లభించిన అవకాశాలను అందిపుచ్చుకొనేవారు అంతగా ఉండేవారు కారన్నదీ వాస్తవమే.

భద్రావతి: నష్టాల నుంచి నిలకడకు

పదవిని వీడిన తర్వాత కూడా మైసూరుతో ఆయన అనుబంధం తెగలేదు. ఆయన హయాంలో సంకల్పించిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి ప్రారంభించింది. మొదట టాటా సంస్థ నిర్వహణలో ఉన్న ఈ కర్మాగారం యుద్ధానంతరం ఇనుము ధరలు పడిపోవడంతో నష్టాలలో కూరుకుపోయింది. ప్రభుత్వం కోరిక మేరకు 1923లో ఆయన నిర్వాహక మండలి అధ్యక్ష బాధ్యత స్వీకరించి, 1929 వరకు కొనసాగారు. ఖర్చు తగ్గించడం, స్థానికులకు శిక్షణ ఇచ్చి బాధ్యతలు అప్పగించడం, ఉప ఉత్పత్తులపై దృష్టి సారించడం ద్వారా సంస్థను నిలబెట్టారు. ఈ సేవకు తనకు రావలసిన పారితోషికాన్ని వృత్తి విద్యా సంస్థ స్థాపనకు వినియోగించాలని ఆయన కోరారు. బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర వృత్తి విద్యా సంస్థ ఆ విధంగా రూపుదాల్చింది.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే కర్మాగారానికి వ్యాపార క్రమశిక్షణ అవసరమని, ప్రైవేటు నిర్వహణ ఉన్నంత మాత్రాన లాభాలు రావని భద్రావతి అనుభవం రుజువు చేసింది. యాజమాన్యం ఎవరిదన్న దానికంటే జవాబుదారీ ఎవరన్నది ముఖ్యమని ఈ ఉదంతం చాటుతోంది.

జాతీయ స్థాయిలో కృషి

1920లో వెలువడిన రీకన్‌స్ట్రక్టింగ్ ఇండియా, 1934లో వెలువడిన ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా గ్రంథాలలో విశ్వేశ్వరయ్య తన మైసూరు అనుభవాన్ని దేశవ్యాప్త ప్రణాళికగా విస్తరించి చూపారు. స్వతంత్ర భారతంలో ప్రణాళికా సంఘం 1950లో ఏర్పడటానికి పదహారేళ్ళ ముందే ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థను ప్రతిపాదించిన ఘనత ఆయనది. 1937లో ఒరిస్సా వరదల సమస్యను పరిశీలించి నివేదిక సమర్పించారు. 1941లో అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించి దానికి నాయకత్వం వహించారు. గ్రామాలను సముదాయాలుగా కూర్చి, స్థానిక సమితుల ఆధ్వర్యంలో చిన్న పరిశ్రమలు నెలకొల్పే గ్రామీణ పారిశ్రామికీకరణ పథకాన్ని తొంభై ఏళ్ళ ప్రాయంలో రూపొందించారు. తన వృత్తి జీవిత జ్ఞాపకాలను 1951లో గ్రంథస్థం చేశారు.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో సత్కరించింది. 1960లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన పేరిట స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. స్వగ్రామమైన ముద్దెనహళ్ళిలో ఆయన స్మారకం నెలకొని ఉంది. హైదరాబాద్ ఖైరతాబాద్‌లోని ఇంజనీర్ల సంస్థ భవనం విశ్వేశ్వరయ్య భవన్‌గా ఆయన పేరిట వెలుగొందుతోంది.

పాలకులకు మార్గదర్శి

నేడు జిల్లా స్థాయి సమీక్షా కమిటీలు, పరిశ్రమల ప్రోత్సాహక కమిటీలు, నీటి వినియోగదారుల సంఘాలు, పట్టణ వార్డు కమిటీలు, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పథకాలు పరిపాలనలో సర్వసాధారణం. ఇవి లేని కాలంలో వాటిని ఊహించి, నిర్మించి, నడిపించిన విశ్వేశ్వరయ్య కార్యసరళి నుంచి కొన్ని అంశాలు స్పష్టమవుతాయి. భాగస్వాములను పథకం సిద్ధమైన తర్వాత కాకుండా సమాచార సేకరణ దశలోనే పిలవాలి. ప్రతి పక్షం చేపట్టవలసిన పనిని, భరించవలసిన వ్యయాన్ని ముందుగా నిర్ణయించాలి. సమావేశానికి, సమావేశానికి మధ్య జరిగే పనిని చూసే శాశ్వత యంత్రాంగం ఉండాలి. నిర్ణయం తీసుకొనే అధికారం గలవారే వేదికకు అధ్యక్షత వహించాలి. వేదికపై లేనివారు ఎవరన్నది నిర్వాహకులు ఎప్పటికప్పుడు పరిశీలించుకోవాలి. మొదటి నాలుగింటిని విశ్వేశ్వరయ్య తన ఆచరణ ద్వారా నేర్పితే, చివరిది ఆయన పదవీ విరమణకు దారితీసిన ఉదంతం నేర్పుతోంది.

ఆర్థిక సదస్సు ప్రోత్సాహంతో ఊపిరి పోసుకొన్న బ్యాంకు శతాబ్దానికి పైగా తన పేరు నిలుపుకొంది. వాణిజ్య మండలి, సాహిత్య పరిషత్తు ఇప్పటికీ తమ వంతు సేవలందిస్తున్నాయి. వ్యక్తులు పదవుల నుంచి తప్పుకొన్నా సంస్థలు నిలిచి ప్రజలకు ఉపయోగపడటమే ఉత్తమ పరిపాలనకు కొలమానమనుకొంటే, కృష్ణరాజసాగర్ ఆనకట్టతో సమానంగా ఈ సంస్థలు కూడా మోక్షగుండం విశ్వేశ్వరయ్య నిర్మాణ దక్షతకు సాక్ష్యంగా నిలుస్తాయి.